బయటి సరుకు లేని ప్యాకేజీ

విషహర ఔషధ పంపిణీ సంస్థకు ఆ ఏడు తొలకరి కంటే ముందు సర్క్యులరు వచ్చింది.

పేరు చూసి కంగారు పడక్కర్లేదు. పాముకాటు మందు ఏ ఆసుపత్రికి ఎన్ని సీసాలు పంపాలో, పంపినవి ఎక్కడున్నాయో చూసుకోవడానికి పెట్టిన ఆఫీసు అది. విజయవాడలో ఒక మిఠాయి కొట్టు మీద రెండంతస్తులు అద్దెకు తీసుకుని నడుస్తోంది. పంపడం దాకా బాగానే పంపుతుంది. పంపినవి ఎక్కడున్నాయో చూసుకోవడం దగ్గరే కాస్త వెనకా ముందూ అవుతుంది. ఒక ఆసుపత్రిలో సీసాలు ఫ్రిజ్‌లో పడుండి గడువు దాటిపోతాయి. పక్క మండలంలో మచ్చుకు ఒక్కటుండదు. పాము కరిచిన మనిషిని ఆటోలో వేసుకుని ఎటు పరిగెత్తాలో ఎవరికీ తెలియదు.

ఆ అవస్థ తీర్చడానికే హైమవతి యాప్ తయారుచేసింది. హైమవతి ఆ ఆఫీసులో ప్రోగ్రామర్. కాంట్రాక్టు మనిషి. అంటే కుర్చీ సంస్థది, జీతం మనుషుల్ని సరఫరా చేసే కంపెనీది, చివాట్లు మాత్రం అందరివీను. ఆమె చేసిన యాప్‌ని నర్సు తన ఫోన్‌లో తెరిస్తే చాలు, తనున్న చోటికి దగ్గర్లో మందు ఏ ఆసుపత్రిలో ఉందో, ఎన్ని సీసాలున్నాయో, దారెటో చూపిస్తుంది. వేసవిలోనే పరీక్షలన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది దాన్ని ప్యాకేజీగా కట్టి, జాయింట్ డైరెక్టరు గారి డిజిటల్ సంతకం వేయించి, నర్సుల ఫోన్లలోకి పంపడమే. ఆ సంతకం పడకపోతే యాప్ గడప దాటదు.

ఈ ప్యాకేజీ సంగతి కాస్త చెప్పుకోవాలి. మనం రాసిన ప్రోగ్రాముతో పాటు, అది నడవడానికి కావలసిన ఇతరుల ప్రోగ్రాములు కూడా కలిపి ఒకే మూటగా కట్టడాన్ని ప్యాకేజీ కట్టడం అంటారు. మ్యాపు గీసేది ఎవరో ఎప్పుడో రాసి, ఎవరికైనా పనికొస్తుందిలే అని లోకం మీదికి వదిలేసి ఉంటారు. తేదీలు లెక్కకట్టేది ఇంకొకరు రాసి ఉంటారు. వీటిని లైబ్రరీలంటారు. ఒక్కో లైబ్రరీ మళ్లీ ఇంకో నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది. ఏ దేశంలో ఏ యాప్ తీసుకున్నా ఇంతే. పెళ్లికి వచ్చిన వంటవాడు మినుములు తనే పండించి, గ్రైండరు తనే బిగించుకుని గారెలు వెయ్యడు కదా.

యాప్ కోసం అందరికంటే ఎక్కువగా ఎదురుచూస్తున్నది ఎస్తేరు. మన్యంలో గుమ్మలగూడెం ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. విజయవాడ వచ్చి, ఆఫీసు కంప్యూటర్‌లో యాప్‌ని ముందుగా పరీక్షించిన మనిషి కూడా ఆవిడే. వారానికొకసారైనా ఫోన్ చేసేది.

"ఏమ్మా హైమవతమ్మా, మీ యాపు ఎప్పుడొత్తదమ్మా? ఇక్కడ ఆకుమళ్లు పోసేత్తన్నారు. ఊడుపులు మొదలైతే పాములు గట్ల మీదకొచ్చేత్తాయి."

"వచ్చేస్తుందండీ. సంతకం ఒక్కటే మిగిలింది."

"నీకు చెప్పాను కదమ్మా, పోయినేడు ఆ చినపోలమ్మ సంగతి. పెద్దాసుపత్రిలో ఉంటదని నేనే అటు తోలించాను ఆటో. అక్కడ లేదు. ఎనక్కి తిప్పి ఇంకో ఊరు ఎల్తంటే నా ఒళ్లోనే పోయింది. మందు మా పక్కూళ్లోనే ఉందంట, మర్నాడు తెలిసింది. పిల్లకి చంటిబిడ్డమ్మా." ఎస్తేరు ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ప్రతిసారీ అక్కడే ఆగిపోయేది.

హైమవతికి ఆ ఫోన్ వచ్చిన రోజు అన్నం సహించేది కాదు. సంతకం పెట్టించేద్దామని ప్యాకేజీ వివరాలు పట్టుకుని జాయింట్ డైరెక్టరు పురుషోత్తమరావు గారి గదికి వెళ్లేసరికి, ఆయన అప్పుడే హైదరాబాదు నుంచి దిగారు.

పురుషోత్తమరావు గారు స్వతహాగా మత్స్యశాఖ అధికారి. డెప్యుటేషన్ మీద ఈ సంస్థకు వచ్చి, ఇక్కడి గాలి పడి ఉండిపోయారు. మనిషి చెడ్డవారు కాదు. ఉత్సాహం ఎక్కువ, అంతే. ఆ వారం ఆయన్ను సాఫ్ట్‌వేర్ భద్రత మీద ఒక్కరోజు శిక్షణకు పంపారు. అక్కడ చెప్పింది మంచి మాటే. బయటివాళ్ల లైబ్రరీలు వాడేటప్పుడు అవేమిటో తెలుసుకోండి, పాతబడితే మార్చండి, వాటి ముసుగులో దొంగ సరుకు చొరబడకుండా చూసుకోండి అన్నారు. ఆ మాటలు భోజనాల ముందు మొదలై భోజనాల తర్వాత పూర్తయ్యాయి. ప్రమాదం సంగతి సారు ఆకలి మీద శ్రద్ధగా విన్నారు. ఉపాయం చెప్పేవేళకు హోటలువారి బిర్యానీ తన పని తాను చేసింది.

"చూడమ్మా, ఈ యాప్‌లో మనం రాసింది ఎంత?" అని అడిగారు సారు.

"పదోవంతు ఉంటుందండీ."

ఆయన కళ్లద్దాలు తీశారు. "తక్కినదంతా?"

"బయటివాళ్లు రాసిందండీ. ఎక్కడైనా ఇలాగే..."

"అంటే ప్రభుత్వం వారి యాప్‌లో తొమ్మిది వంతుల్లో బయటివాళ్లు కాపురం పెట్టారన్నమాట!" సారు కుర్చీలోంచి లేచారు. "నేను చేపల శాఖలో ఇరవై ఏళ్లు చేసినవాణ్ణి. మంచి చెరువులో బయటి జాతి చేప ఒక్కటి పడిందనుకో. ఏడాది తిరిగేసరికి చెరువు దానిది. మన చేప ఫొటోలో ఉంటుంది."

మర్నాడే సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సంస్థ యొక్క వ్యవహారములందు బాహ్య వ్యక్తులచే రచింపబడిన ఏ విధమైన పదార్థమూ ఉండరాదు. సదరు పదార్థము దేనిపై ఆధారపడునో, ఆ ఆధారము మరి దేనిపై ఆధారపడునో, ఆ విధముగా చిట్టచివరి ఆధారము వరకు పరిశీలించి, వస్తువైనను వ్యక్తియైనను, బాహ్యమని తేలినచో తక్షణమే తొలగించవలెను. ఇందుకు ఎవరికినీ మినహాయింపు లేదు."

"వ్యక్తియైనను" అన్నది సారు స్వదస్తూరీతో చేర్చిన మాట. వాక్యానికి నిండుదనం రావాలని చేర్చారు.

హైమవతి బతిమాలింది. ఏ లైబ్రరీ ఎవరిదో, ఎందుకు వాడామో అన్నీ రాసిపెడతానంది. ఒక్కోదాన్నీ చూసి, బాగున్న రూపం దగ్గర తాళం వేసి, ఇక అది తనంతట తాను మారకుండా చేస్తానంది. శిక్షణలో భోజనాల తర్వాత చెప్పింది సరిగ్గా అదే. సారుకు ఎక్కడో విన్నట్టే అనిపించింది గాని గుర్తు రాలేదు.

చివరికి కొంచెం దిగి, "సరే, నీ మాట ఎందుకు కాదనాలి. ఆ రచయితల చేత కాగితాలు పంపించు. నిరభ్యంతర పత్రం, నివాస ధ్రువపత్రం, సత్ప్రవర్తన ధ్రువపత్రం. అన్నింటి మీదా గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ ఉండాలి" అన్నారు.

"వాళ్లు ఏయే దేశాల్లో ఉన్నారో కూడా తెలీదండీ."

"అందుకే నివాస ధ్రువపత్రం అడుగుతున్నాను."

హైమవతి అందరికీ రాసింది. కొందరు జవాబివ్వలేదు. కొందరు ఇదేదో మోసగాళ్ల ఉత్తరమనుకుని ఆమెనే నిలదీశారు. ఒక్క మనిషి మాత్రం వెంటనే పలికాడు. తేదీల లైబ్రరీ రాసిన ఒస్వాల్దో. ఉరుగ్వే అనే దేశంలో రిటైరైన బస్సు డ్రైవరు. డిపోలో డ్యూటీ చార్టులు ఎప్పుడూ తప్పుల తడకగా ఉంటున్నాయని విసుగెత్తి, కంప్యూటరు నేర్చుకుని ఆ లైబ్రరీ రాశాడట. "నా లెక్కలు పాముకాటు మందుకు పనికొస్తున్నాయా! మా ఆవిడకు చెబితే ఏడ్చేసింది. నిక్షేపంగా వాడుకోండి" అని రాసి, డ్రైవింగ్ లైసెన్సు ఫొటో, దానితో పాటు తమ కుక్క ఫొటో పంపాడు.

సారు రెండు ఫొటోలూ చాలాసేపు చూశారు. "కుక్క ఫొటో ఎందుకు జతపరిచినట్టు?"

"సంతోషం కొద్దీ అండీ."

"సంతోషం కొద్దీ పంపే పత్రాలకు ప్రొవిజన్ లేదు. లైసెన్సు మీద గెజిటెడ్ సంతకం లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఈయన డబ్బు అడగలేదు. ఎందుకు అడగలేదు? ఊరికే ఇచ్చేవాడి ఉద్దేశం ఏమై ఉంటుంది?"

ఆ ప్రశ్నకు సమాధానంగా సూపరింటెండెంటు కామేశం ఒక దారి చెప్పాడు. డబ్బిచ్చి కొంటే అనుమానం ఉండదు కనుక టెండరు పిలవమన్నాడు. కామేశం ఆఫీసు రూల్సన్నీ నోటికొచ్చిన మనిషి. రూలు ఎటు తిప్పితే అటు తిరుగుతాడు, కడుపులో ఏ కుళ్లూ లేదు. మ్యాపు లైబ్రరీకి మూడు కొటేషన్లు కావాలంటే హైమవతి మూడూ తెచ్చింది. మూడూ ఉచితమే. కామేశం సరిపోల్చే పట్టిక గీసి, మూడు గళ్లలోనూ సున్నా వేసి, తల పట్టుకున్నాడు.

"తక్కువ రేటు వేసినవాడికే ఇవ్వాలమ్మా. మూడూ సున్నాలైతే తక్కువ ఎవరిది? ఇంకాస్త తగ్గించమని ముగ్గురితోనూ బేరం ఆడాలి. రూలు అలాగే ఉంది."

"సున్నాలో ఏం తగ్గిస్తారండీ?"

"అదే చూస్తున్నా." అతను నిజంగానే చూస్తున్నాడు. వారం చూశాడు. టెండరు రద్దయింది.

ఈలోగా తొలకరి పడింది. ఎస్తేరు ఫోన్ చేసి, "మా ఊరాయన్ని నిన్న గట్టు మీద కరిసేసిందమ్మా. దేవుడి దయ, మా దగ్గరే రెండు సీసాలున్నాయి. అయ్యి అయిపోయాయి. ఇంకోళ్లొత్తే ఎటు తోలాలమ్మా?" అంది. హైమవతి తన కంప్యూటర్‌లోనే యాప్ తెరిచి, ఏ ఊళ్లో ఉందో చూసి చెప్పింది. ఆవిడ ఒక్కతే కాదు కదా నర్సు. తక్కినవాళ్లందరికీ ఎవరు చెబుతారు?

అప్పుడు సారు ధ్యేయం ఇంకో మెట్టెక్కింది. బయటి లైబ్రరీలన్నీ పీకేసి, వాటి స్థానంలో సంస్థ ఉద్యోగులే సొంతంగా రచించాలన్నారు. దానికి పరాధీనతా నిర్మూలన పక్షోత్సవాలని పేరు పెట్టారు. మిఠాయి కొట్టు మీద బ్యానరు కట్టారు. జనం కొత్త రకం స్వీటేమోననుకుని కొట్లో అడిగారు.

పనులు పంచేశారు. ఉద్యోగులు కాగితం మీద రచించి ఇస్తే హైమవతి వాటిని ప్రోగ్రాములోకి ఎక్కించాలి. దూరాలు లెక్కించే పని అకౌంట్సు విభాగానికి పడింది. వాళ్లు ప్రయాణ భత్యాల పట్టిక తీసుకొచ్చి ఇచ్చేశారు. అందులో దూరాలన్నీ రైల్వే స్టేషన్ల మధ్య ఉన్నాయి. మన్యంలో రైలు లేదు కనుక అక్కడి ఊళ్లన్నిటి మధ్య దూరం "వర్తించదు" అని వచ్చింది.

ఆసుపత్రుల పేర్లు వరసలో పెట్టే పని ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను తీసుకుంది. "వరస అంటే మాకు ఒక్కటే తెలుసు, సీనియారిటీ" అన్నారు వాళ్లు. దానితో మందున్న ఆసుపత్రుల్లో ఏ డాక్టరు ముందు సర్వీసులో చేరితే ఆ ఆసుపత్రి పైకొచ్చింది. తేదీల పని మాత్రం కామేశం స్వయంగా నెత్తిన వేసుకున్నాడు. పదిహేను రోజులు కష్టపడి ఒక నోటుపుస్తకం నింపి, దాని అట్టకు పసుపు రాసి మరీ తెచ్చాడు.

హైమవతి చూసి, "కామేశం గారూ, ఇందులో శనివారం తర్వాత సోమవారం ఉందేమిటండీ?" అంది.

"ఆదివారం సెలవు కదమ్మా. రెండో శనివారం కూడా తీసేశాను. పండగలు కూడా."

"పాముకి తెలియదు కదండీ. అది ఆదివారం కరిస్తే?"

కామేశం జాలిగా చూశాడు. "ఆదివారం నాటిది సోమవారం నమోదు చేస్తారమ్మా. మన ఆఫీసులో ఎప్పుడు జరగలేదు?"

హైమవతికి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒస్వాల్దో లెక్కలు చెత్తబుట్టలో వేసి కామేశం లెక్కలు ఎక్కించింది. చెయ్యకపోతే ప్యాకేజీ కట్టనివ్వరు, చేస్తే ప్యాకేజీలో యాప్ ఉండదు. ఆ వారమంతా ఇంట్లో ఎవరు పలకరించినా కసురుకుంది. సర్క్యులరుని ఒకటికి పదిసార్లు చదివింది. ఆ వారమే ఎస్తేరు మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి యాపు సంగతి అడగలేదు. "ఏం లేదమ్మా, ఊరికే చేశాను" అని పెట్టేసింది. అడగడం మానేసిందంటే ఇక రాదని అనుకుందన్నమాట. అది హైమవతికి చాలా బాధ అనిపించింది.

మర్నాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని సర్క్యులరు మరోసారి తీసింది. "చిట్టచివరి ఆధారము వరకు" అన్న దగ్గర ఆగింది. "వ్యక్తియైనను" అన్న దగ్గర ఇంకాస్త ఆగింది. ఆ మాటలు అక్షరాలా అమలు చేయమంటే ఏమవుతుందో, ముందు ఎవరికి ఏమవుతుందో ఆమెకు అక్కడే అర్థమైంది. ఆ సాయంత్రం భర్తతో, "నా ఉద్యోగం పోవచ్చు" అంది. "ఏదైనా తప్పు చేశావా?" అన్నాడాయన కంగారుగా. "ఇంకా లేదు. సోమవారం చేస్తాను" అంది.

సోమవారం సంస్థకు పెద్ద అయిన కమిషనరు శశిరేఖ గారు యాప్ చూడటానికి వచ్చారు. ఆవిడ మాట తక్కువ. ఎవరేం చెప్పినా, "రూలు ఏమంటోంది?" అని ఒక్కటే అడుగుతారని పేరు. పురుషోత్తమరావు గారు శాలువా కప్పి, గొంతు సవరించుకున్నారు.

"మేడమ్, దేశంలోనే మొట్టమొదటిసారిగా, బాహ్య పరాధీనత సున్నా శాతంగా గల ప్యాకేజీని తమ దివ్యసముఖమునకు సమర్పించుకుంటున్నాము."

కమిషనరు ఫోన్ అందుకున్నారు. "నేను గుమ్మలగూడెంలో ఉన్నాననుకోండి. మందు ఎక్కడుంది?" అంటూ నొక్కారు. తెర మీద మొట్టమొదట ఒక రేవు పట్టణం వచ్చింది.

"ఇది సముద్రం ఒడ్డున కదా?"

"అక్కడి డాక్టరుగారు అందరికంటే సీనియర్ మేడమ్" అన్నాడు కామేశం గర్వంగా.

"దూరం వర్తించదు అంటోంది. సరే. ఎప్పుడు కరిచిందని అడుగుతోంది. నిన్న అని వేస్తున్నాను."

"నిన్న ఆదివారం మేడమ్. లేదు" అన్నాడు కామేశం.

"ఏం లేదు?"

"ఆదివారం లేదు మేడమ్."

కమిషనరు ఫోన్ బల్ల మీద పెట్టారు. "సర్క్యులరు ప్రకారమే ఉందా ఇదంతా?"

"అక్షరం పొల్లుపోకుండా మేడమ్. బయటిదన్నది ఒక్కటి లేదు" అన్నారు సారు.

"ప్రోగ్రామర్ ఎవరు? మీరేమంటారు?"

హైమవతి లేచి నిలబడింది. "ఇంకా ఉన్నాయి మేడమ్. సర్క్యులరులో చిట్టచివరి ఆధారం వరకు చూడమన్నారు. మేము లోపలున్నవే చూశాం. ప్యాకేజీ బయటికి రావాలంటే ఎవరెవరి మీద ఆధారపడుతుందో చూడలేదు."

"ఎవరి మీద?"

"ముందు నా మీద మేడమ్. ప్యాకేజీ కట్టేది నేను. నేను సంస్థ మనిషిని కాదు. బయటి కంపెనీ పంపితే వచ్చాను."

సారు ముఖం వెలిగిపోయింది. "చూశారా మేడమ్! స్వీయ ప్రకటన! ఇదీ అంకితభావమంటే. మేము ఈ కోణంలో ఆలోచించనే లేదు." ఆయన నిజంగానే మెచ్చుకున్నారు. చప్పట్లు కూడా కొట్టబోయారు.

కమిషనరు, "రూలు ఏమంటోంది?" అన్నారు.

"వస్తువైనను వ్యక్తియైనను, బాహ్యమని తేలినచో తక్షణమే తొలగించవలెను" అని అప్పజెప్పాడు కామేశం.

"రాసుకోండి. యాప్ తనిఖీ మొదటి అంశం, ఇది రెండో అంశం. తర్వాత?"

హైమవతి సారు వైపు చూడకుండా చెప్పింది. "తర్వాత ప్యాకేజీకి డిజిటల్ సంతకం కావాలి మేడమ్. అది లేకపోతే ఏ ఫోనూ తీసుకోదు. ఆ సంతకం జాయింట్ డైరెక్టరు గారిది."

"అయితే?"

"సారు మత్స్యశాఖ నుంచి వచ్చారు మేడమ్."

కొట్టబోయిన చప్పట్లు అలాగే ఆగిపోయాయి. కమిషనరు కామేశం వైపు చూశారు. కామేశం సారు వైపు చూశాడు, రూలు వైపు చూశాడు. రూలే దగ్గరగా కనబడింది కాబోలు. "సర్వీసు రిజిస్టరు ప్రకారం సారుగారి మాతృశాఖ మత్స్యశాఖే మేడమ్. ఇక్కడ డెప్యుటేషన్ మాత్రమే."

"మేడమ్, నేను... అంటే ఇది సాఫ్ట్‌వేరుకు సంబంధించిన..." సారు తడబడ్డారు. "మినహాయింపు..."

"ఎవరికినీ మినహాయింపు లేదు అని మీరే రాశారు. చక్కగా రాశారు. మూడో అంశం, రాసుకోండి." ఆవిడ సర్క్యులరు కాపీ తెప్పించుకుని, తిప్పి చూశారు. "దీని కింద సంతకం ఎవరిది?"

"సారుగారిదే మేడమ్."

"రచించింది?"

"వారే మేడమ్. అందులో ఒక మాట స్వదస్తూరీతో కూడా."

"అయితే ఈ సర్క్యులరు కూడా బాహ్య వ్యక్తిచే రచింపబడిన పదార్థమే. సంస్థ వ్యవహారాల్లో ఉండకూడదు. నాలుగో అంశం, సర్క్యులరు తొలగించడమైనది. సర్క్యులరు లేనప్పుడు దాని కింద తీసేసిన లైబ్రరీలు ఎక్కడివక్కడ ఉన్నట్టే. పాత ప్యాకేజీ ఉందా?"

"ఉంది మేడమ్" అంది హైమవతి. గొంతు ఆమెకే వినబడలేదు. మళ్లీ గట్టిగా, "ఉంది మేడమ్!" అంది.

పురుషోత్తమరావు గారికి అప్పుడొక ఆశ పుట్టింది. "మేడమ్, మరి సర్క్యులరే పోయినప్పుడు, దాని కింద మేము పోవడం..."

"మీరు మూడో అంశంలో పోయారు. సర్క్యులరు నాలుగో అంశంలో పోయింది. మీరు పోయేనాటికి అది అమల్లోనే ఉంది." ఆవిడ హైమవతి వైపు చూశారు. చూపులో ఏదో ఉంది గాని, మాట మాత్రం అదే. "రెండో అంశం కూడా అంతే. సాయంత్రం ఐదు దాకా మీరు ఇక్కడే ఉన్నట్టు లెక్క. ఈలోగా ప్యాకేజీ కట్టండి. నేను ఈ సంస్థ మనిషినే. సంతకం నాది వేద్దాం."

హైమవతి కట్టింది. మ్యాపు గీసేవాళ్లను, దూరాలు కొలిచేవాళ్లను, ఉరుగ్వే డ్రైవరునీ ఎవరి చోట వాళ్లను మళ్లీ కూర్చోబెట్టింది. ఆదివారం తిరిగొచ్చింది. నాలుగున్నరకు కమిషనరు సంతకం పడింది. ఐదింటికి హైమవతి తన గ్లాసూ, నీళ్ల సీసా, కుర్చీ మీద మెత్తా తీసుకుని మెట్లు దిగింది. ఎవరూ వీడ్కోలు చెప్పలేదు. కామేశం మాత్రం మెట్ల దాకా వచ్చి, "మీకు ప్రొవిజన్ ఏదైనా ఉందేమో చూశానమ్మా. దొరకలేదు" అన్నాడు. అతని కళ్లు తడిగా ఉన్నాయి.

సారుకు మాత్రం ఘనంగానే వీడ్కోలు జరిగింది. కింద కొట్లోంచి మిఠాయిలు తెప్పించారు. మాతృశాఖలో చేరగానే, చెరువుల్లోకి బయటి నీరు రానివ్వరాదని ఆయన సర్క్యులరు పంపారట. చేపల రైతులు ఇప్పుడు వానలకు నిరభ్యంతర పత్రం ఎక్కడ తేవాలో కనుక్కుంటున్నారు.

ఇంకో ఉద్యోగం కోసం హైమవతి నాలుగైదు చోట్ల తిరిగింది. ఇంకా ఏదీ కుదరలేదు. ఒక మధ్యాహ్నం ఇంట్లో పప్పు తాలింపు వేస్తుంటే ఫోన్ మోగింది.

"హైమవతమ్మా! నేనమ్మా, ఎస్తేరుని!" ఆవిడ అరుస్తోంది. వెనక ఆటో చప్పుడు, ఎవరో ఏడుస్తూ నవ్వుతున్న చప్పుడు. "పొద్దున్న ఒక ఆడకూతుర్ని కరిసేసిందమ్మా. యాపు తీసి చూశాను. ఆ కొండ పక్కనున్న ఊళ్లో ఉందని చూపింది. తిన్నగా తీసుకొచ్చేశాం. మందెక్కించేశారు. కళ్లు తెరిసింది, మాటాడతంది!"

హైమవతి స్టవ్ ఆపేసింది. తాలింపు మాడిపోయింది గాని పట్టించుకోలేదు. "మంచిదండీ. చాలా మంచిది" అంటూ గోడకు ఆనుకుంది.

"ఈరోజు ఆదివారం కదమ్మా, నిన్ను కదిపానేమో. ప్రార్థనకెల్లే టయానికే వచ్చారు వాళ్లు. ఇప్పుడు ఎల్తన్నాను. ఒక మాట చెప్పమ్మా. ఆ యాపు నువ్వొక్కదానివే చేశావా?"

"లేదండీ. చాలామంది ఉన్నారు. మ్యాపు గీసినవాళ్లున్నారు. దూరాలు కొలిచినవాళ్లున్నారు. తేదీల లెక్క రాసింది ఒస్వాల్దో అని, ఒక బస్సు డ్రైవరు. ఆయనకో భార్య, కుక్క."

"వాళ్లందరి కోసం ప్రార్థనలో చెప్తానమ్మా. ఆ పేరేంటి, మళ్లీ చెప్పు. ఓసువల్దో. ఏ డిపార్టుమెంటమ్మా వాళ్లంతా?"

హైమవతి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఏ డిపార్టుమెంటూ కాదండీ. అందరం బయటివాళ్లమే."